యూనిఫాం వేసుకున్న వకీలు

దేశం కాని దేశంలో సైనికుడికి చిక్కొచ్చి పడితే అతని పక్షాన నిలబడేదెవరు? అద్దె తగాదా నుంచి హత్య కేసు దాకా విదేశీ సైనిక స్థావరాల్లో న్యాయం నడిచే తీరు

జర్మనీలో అద్దె ఇల్లు ఖాళీ చేయడమంటే తాళంచెవి చేతిలో పెట్టి నమస్కారం చెప్పి రావడం కాదు. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. గోడలకు రంగులు ఎవరు వేయించాలో అగ్రిమెంటులో చూసుకోవాలి. చలికాలమంతా వాడుకున్న హీటింగు ఖర్చు ఏడాదికోసారి లెక్క తేలుస్తారు. నెలనెలా కట్టినది చాలకపోతే కొత్త బిల్లు వస్తుంది. ఓనరు దగ్గర మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు ఉంటుంది. కాగితాలన్నీ జర్మన్ భాషలోనే. ఆ ఇంట్లో ఉన్నవాడు టెక్సస్ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమెరికన్ సైనికుడనుకోండి. నెల తిరిగేలోగా మరో దేశానికి వెళ్లాలని ఆర్డర్లు చేతికొచ్చాయి. ఎవరినడగాలి?

అడగడానికి ఒక చోటుంది. నైరుతి జర్మనీలో కైజర్స్‌లౌటర్న్ అనే ఊరు. పేరు నోరు తిరక్క అమెరికన్లు ‘కే-టౌన్’ అంటారు. ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి సైనికులు, వాళ్ల కుటుంబాలు, సైన్యంలో పనిచేసే సివిలియన్లు దాదాపు 50 వేల మంది అమెరికన్లు ఉంటారు. అమెరికా బయట ఇంత పెద్ద అమెరికన్ సైనిక సమాజం ఇంకెక్కడా లేదు. రామ్‌స్టైన్ వైమానిక స్థావరం, లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రి ఈ చుట్టుపక్కలవే. ఆర్మీ వాళ్ల లీగల్ ఆఫీసు క్లేబర్ బ్యారక్స్‌లో, ఎయిర్‌ఫోర్స్ వాళ్లది రామ్‌స్టైన్‌లో. ఫీజు లేదు.

సైన్యంలో వకీలు అనగానే మనకు కోర్టు మార్షల్ గుర్తుకొస్తుంది. సినిమాల పుణ్యం. ఈ ఆఫీసులో బల్ల మీదికొచ్చే కాగితాలు వేరు. విడాకులు, వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, క్రెడిట్ కార్డు బాకీ, అమ్మిన కారు తాలూకు పేచీ, బిడ్డ పోషణ ఖర్చు, ఆదాయపు పన్ను. క్రిమినల్ కేసులు వీళ్లు చూడరు, దానికి వేరే ఆఫీసుంది. సొంత వ్యాపారానికి సలహా ఇవ్వరు. మామూలుగా కోర్టుకొచ్చి వాదించరు కూడా. కాగితం చదివి, ఉన్న సంగతి చెప్పి, ఒక ఉత్తరం రాసిచ్చి, కేసు పెద్దదైతే బయటి వకీలు దగ్గరికి పంపుతారు. ఇదేం సాయం అనిపించవచ్చు. కానీ ఓనరుకు అతని భాషలోనే, చట్టంలోని సెక్షన్ పేర్కొంటూ ఒక ఉత్తరం వెళ్తే ఆగిన అడ్వాన్సు ఎలా కదులుతుందో అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ ఉత్తరం వెనక తరచుగా ఉండేది యూనిఫాం లేని మనిషి. అమెరికన్ లీగల్ ఆఫీసుల్లో జర్మన్ వకీళ్లు ఉద్యోగులుగా పనిచేస్తారు. అమెరికా నుంచి వచ్చిన కెప్టెన్లు రెండు మూడేళ్లకు బదిలీ మీద వెళ్లిపోతారు. జర్మన్ వకీళ్లు ఉండిపోతారు. ఏ అగ్రిమెంటులో ఏ మెలిక ఉంటుందో, ట్రాఫిక్‌లో పక్క కారువాడికి వేలు చూపిస్తే అవమానపరచిన నేరం కింద కేసు ఎలా అవుతుందో వాళ్లకు తెలుసు. మన తాలూకా ఆఫీసుల్లో అధికారులు మారుతున్నా పని నడిపించే సీనియర్ గుమస్తా ఒకరుంటారు కదా, ఇదీ అదే.

అమెరికాలోనే ఉంటే సైనికుడికి 2003లో వచ్చిన చట్టం ఒకటి అండగా ఉండేది. బదిలీ ఆర్డర్లు చూపి అద్దె అగ్రిమెంటు రద్దు చేసుకోవచ్చు. సైన్యంలో చేరకముందు చేసిన అప్పు మీద సర్వీసులో ఉన్నన్నాళ్లు వడ్డీ 6 శాతం దాటకూడదు. సివిల్ కేసులో వాయిదాకు రాలేకపోతే కనీసం 90 రోజులు విచారణ ఆపమని అడగవచ్చు. అయితే ఆ చట్టం జర్మన్ ఓనరుకు వర్తించదు. అందుకే సంతకం పెట్టేముందే అగ్రిమెంటులో ‘మిలిటరీ క్లాజు’ రాయించుకోమని ఆఫీసువాళ్లు చెబుతారు. ఆర్డర్లు వస్తే తక్కువ నోటీసుతో ఇల్లు వదిలేయవచ్చని అందులో ఉంటుంది. సంతకం పెట్టాక వచ్చేవాళ్లే ఎక్కువని వేరే చెప్పాలా?

వీలునామా రాసి విమానమెక్కు

ఈ ఏర్పాటు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. లక్షల మంది ఇళ్లూ దుకాణాలూ పొలాలూ ఎక్కడివక్కడ వదిలేసి సముద్రాలు దాటారు. వెనక వాయిదాలు తప్పాయి, బాకీలు పేరుకున్నాయి, కోర్టు నోటీసులొచ్చాయి. 1943 మార్చిలో అమెరికా వార్ డిపార్ట్‌మెంట్ అక్కడి బార్ అసోసియేషన్‌తో కలిసి ఒక సర్క్యులర్ తెచ్చి, సైనికుల సొంత చిక్కులకు న్యాయ సలహా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. ఇది దయతో చేసిన పనని నేననుకోను. ఇంటికి జప్తు నోటీసు అంటించారని ఉత్తరం అందుకున్నవాడి చూపు తుపాకీ గురి మీద నిలవదని సైన్యానికి తెలుసు.

ఆ సర్క్యులర్ మీదే నాలుగు దశాబ్దాలు నడిచింది. చట్టం 1984లో గానీ రాలేదు. వచ్చిన చట్టం కూడా వకీళ్లు అందుబాటులో ఉన్న మేరకు ఈ సేవ ‘అందించవచ్చు’ అంటుందే తప్ప, సైనికుడి హక్కు అని ఎక్కడా అనదు. ఉచితంగా ఇచ్చేవాడు ఎప్పుడూ ఇంత జాగ్రత్తగానే రాసుకుంటాడు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో జర్మనీలోని స్థావరాల నుంచి బ్రిగేడ్లకు బ్రిగేడ్లు వెళ్లాయి. వెళ్లేముందు సైనికులు వరసగా బల్లలు దాటుకుంటూ పోవాలి. ఒక బల్ల దగ్గర టీకాలు, ఒక దగ్గర పళ్ల పరీక్ష, ఒక దగ్గర బీమా కాగితం, ఇంకొక దగ్గర వకీలు. వీలునామా ఉందా, లేదా? లేకపోతే ఇప్పుడే. ఇరవై ఏళ్ల కుర్రాడు తనకున్న పాత కారు, బ్యాంకులో ఉన్న నాలుగు డబ్బులు, బీమా సొమ్ము ఎవరికి చెందాలో చెప్పి, సాక్షుల ముందు సంతకం పెడతాడు. ఇలా సైనిక వకీలు ముందు రాసిన వీలునామాకూ పవర్ ఆఫ్ అటార్నీకీ ప్రత్యేక రక్షణ ఉంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నమూనా. సైనిక కాగితాలను మాత్రం మా నమూనాలో లేవని ఏ రాష్ట్రమూ తోసిపుచ్చకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది.

పవర్ ఆఫ్ అటార్నీ దగ్గర ఈ వకీళ్లు ఒక మాట అరిగేలా చెబుతారు. జనరల్ వద్దు, స్పెషల్ చాలు. కారు అమ్మడానికైతే కారుకే, ఇంటి అద్దె కట్టడానికైతే అద్దెకే, తేదీ వేసి, గడువు పెట్టి. అన్ని హక్కులూ రాసిచ్చి యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చేసరికి బ్యాంకు ఖాతా ఊడ్చిపెట్టుకుపోయినవాళ్ల కథలు ప్రతి లీగల్ ఆఫీసులోనూ ఉంటాయి. జీపీఏ మీద ఒకే ప్లాటును నలుగురికి అమ్మిన వ్యవహారాలు చూసిన హైదరాబాదు వాళ్లకు ఈ నీతి కొత్తేమీ కాదు.

ఇందులో సరదా సంగతీ ఒకటుంది. పెళ్లికూతురు జర్మనీలో, పెళ్లికొడుకు అఫ్గానిస్తాన్‌లో. సెలవు దొరకదు. అమెరికాలోని మోంటానా రాష్ట్ర చట్టం ప్రకారం ఇద్దరూ లేకుండానే పెళ్లి అయిపోతుంది. ఇద్దరి బదులు ఇద్దరు మనుషులు నిలబడి ప్రమాణం చేస్తారు. వధూవరుల్లో ఒకరు సైన్యంలో ఉన్నా చాలు. వరుడి బదులు కత్తిని పంపి పెళ్లి జరిపించిన మన జమీందారుల కాలపు ముచ్చట ఇలాంటిదే. అక్కడ కనీసం పెళ్లికూతురైనా పీటల మీద ఉండేది.

పెళ్లి విరిగినప్పుడు మాత్రం సరదా ఉండదు. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఈ సేవకు అర్హత ఉంది. కానీ ఒకే ఆఫీసు ఇద్దరికీ సలహా చెప్పకూడదు. ముందు మెట్లెక్కినవాళ్లకు ఆ ఆఫీసు, రెండోవాళ్లు మరో వకీలును వెతుక్కోవాలి. కైజర్స్‌లౌటర్న్‌లో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ రెండు ఆఫీసులూ దగ్గర్లోనే ఉండటం ఇలాంటప్పుడు కలిసొస్తుంది. ఎక్కడో మారుమూల చిన్న స్థావరంలో, భాష రాక, చేతిలో సొంత ఆదాయం లేక ఉన్న భార్యకు ఆ ‘మరో వకీలు’ ఎంత దూరమో ఊహించుకోవచ్చు. నా దృష్టిలో ఈ ఏర్పాటు మొత్తంలో బలహీనమైన చోటు ఇదే.

వకీలు ఎవరి మనిషి?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సైన్యంలో వకీలు కూడా అధికారే. భుజం మీద హోదా గుర్తులుంటాయి, పైన బాసు ఉంటాడు. ఈ ఏడాది సైనికుడి విడాకుల కాగితం చూసిన కెప్టెన్ వచ్చే ఏడాది ప్రాసిక్యూటర్ కావచ్చు, ఆ తర్వాత కమాండరుకు సలహాదారు కావచ్చు. జాగ్ కోర్ అనే ఈ వకీళ్ల దళం 1775లో, జార్జి వాషింగ్టన్ కాలంలో మొదలైనప్పటి నుంచీ కమాండరు కోసం పనిచేసిందే. అలాంటప్పుడు కమాండరు పెట్టిన కేసులో నిందితుడు ఆ దళం వకీలును ఎందుకు నమ్మాలి?

1951లో అమలులోకొచ్చిన అమెరికన్ సైనిక న్యాయ నియమావళిలో ఆర్టికల్ 31 అని ఒకటుంది. అనుమానం ఉన్న సైనికుణ్ణి ప్రశ్నించేముందు ఏ నేరం గురించి అడుగుతున్నారో చెప్పాలి, నోరు విప్పాల్సిన పని లేదని చెప్పాలి, చెప్పింది నీ మీదే వాడతామని చెప్పాలి. మామూలు పోలీసులకు ఇలాంటి నియమం మిరాండా తీర్పుతో 1966లో గానీ రాలేదు. సైన్యానికి పదిహేనేళ్ల ముందే ఎందుకొచ్చింది? పై అధికారి అడిగితే జవాబు చెప్పి తీరాలని తొలిరోజు నుంచీ నూరిపోసిన మనిషికి మౌనంగా ఉండవచ్చని ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి కాబట్టి.

మౌనం తర్వాత కావలసింది వకీలు. ఎయిర్‌ఫోర్స్ 1974లో, ఆర్మీ 1980లో డిఫెన్స్ వకీళ్లను స్థానిక కమాండు నుంచి విడదీశాయి. అంతకుముందు నిందితుడి వకీలు ఏడాది పనితీరు మీద రిపోర్టు రాసేది, కమాండరుకు న్యాయ సలహా ఇచ్చే అధికారే. గట్టిగా వాదిస్తే ప్రమోషన్ ఆగుతుందన్న భయం ఉన్నచోట ఎంతటివాడైనా ఎంత గట్టిగా వాదిస్తాడు? ఇప్పుడు డిఫెన్స్ వకీలు ఉండేది అదే స్థావరంలో అయినా రిపోర్టు రాసేవాళ్లు వేరు. ఫీజు లేకపోవడం చాలామందికి గొప్పగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఈ విడదీయడమే గొప్పగా కనిపిస్తుంది. కమాండరు చేతికింద ఉచితంగా దొరికే వకీలు కంటే, అప్పు చేసి పెట్టుకున్న వకీలు నయం.

విడదీత చాలక కమాండరు చేతినే కట్టాల్సిన రోజూ వచ్చింది. 2012 నవంబరులో ఇటలీలోని అవియానో వైమానిక స్థావరంలో ఒక లెఫ్టినెంట్ కల్నల్‌కు లైంగిక దాడి కేసులో కోర్టు మార్షల్ ఏడాది జైలు, సర్వీసు నుంచి తొలగింపు శిక్ష వేసింది. 2013 ఫిబ్రవరిలో, రామ్‌స్టైన్‌లో కూర్చునే థర్డ్ ఎయిర్‌ఫోర్స్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ క్రెయిగ్ ఫ్రాంక్లిన్ ఆ తీర్పును ఒక్క సంతకంతో కొట్టేశాడు. తన సొంత న్యాయ సలహాదారు తీర్పును నిలబెట్టమన్నా వినలేదు. అప్పటి చట్టం ప్రకారం అతనికి ఆ అధికారం ఉంది, తప్పు పట్టడానికి లేదు. వాషింగ్టన్‌లో గగ్గోలు పుట్టింది. ఏడాది తిరగకముందే కాంగ్రెస్ ఆ అధికారాన్ని కత్తిరించింది. అదే 2013 జనవరిలో ఎయిర్‌ఫోర్స్ బాధితుల పక్షాన నిలబడే వకీళ్లను కూడా నియమించడం మొదలుపెట్టింది. 2023 డిసెంబరు చివరి నుంచి హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాల్లో కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం కమాండర్ల నుంచి స్వతంత్ర ప్రాసిక్యూటర్ల చేతికి వెళ్లింది. ఇటలీలోని ఒక స్థావరంలో మొదలైన గొడవకు ఇంత పొడుగు తోక ఉంది.

పరాయి కోర్టు, నోరు లేని వకీలు

సైనికుడు గేటు బయట నేరం చేస్తే ఏ దేశపు చట్టం? ఈ ప్రశ్నకు నాటో దేశాలు 1951 జూన్ 19న లండన్‌లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. బలగాల హోదా ఒప్పందం అంటారు. తోటి సైనికుడి మీద చేసిన నేరమైనా, డ్యూటీలో ఉండగా జరిగినదైనా విచారణలో మొదటి హక్కు సైన్యం పంపిన దేశానిది. మిగిలినవాటిలో మొదటి హక్కు ఆతిథ్యమిచ్చిన దేశానిది. ఆ హక్కును వదులుకునే వీలూ ఉంది. జర్మనీ అయితే ముందుగానే టోకుగా వదులుకుంది, కావాలంటే 21 రోజుల్లోగా ఫలానా కేసు మాదేనని వెనక్కి అడగవచ్చు. జపాన్‌తో 1960లో కుదిరిన ఒప్పందమూ దాదాపు ఇదే అచ్చు.

కాగితం మీద తేటగా కనిపించే ఈ గీత 1957లో ఒక్క వేసవిలో రెండుసార్లు పరీక్షకు నిలబడింది.

మొదటిది ఇద్దరు భార్యల కథ. ఇంగ్లండ్‌లోని స్థావరంలో క్లారిస్ కోవర్ట్, టోక్యోలో డొరొతీ స్మిత్ సైన్యంలో ఉన్న తమ భర్తలను చంపారు. ఇద్దరినీ కోర్టు మార్షల్ చేసి శిక్ష వేశారు. డొరొతీ తండ్రి వాల్టర్ క్రూగర్ రెండో ప్రపంచ యుద్ధంలో పేరున్న జనరల్. యూనిఫాం వేయని భార్యను సైనిక కోర్టు విచారించవచ్చా? 1956లో అమెరికా సుప్రీంకోర్టు ‘విచారించవచ్చు’ అంది. వాళ్ల వకీలు ఫ్రెడరిక్ బర్నేస్ వీనర్ మళ్లీ తలుపు తట్టాడు. ఇతనూ ఒకప్పుడు ఆర్మీ వకీలే. తిరిగి వాదన విన్న కోర్టు 1957 జూన్ 10న తన మాట తనే వెనక్కి తీసుకుంది. అంత పెద్ద కోర్టు అలా చేయడం అరుదు. సైన్యం లోపలి నుంచే వచ్చిన మనిషి సైన్యపు అధికారానికి హద్దు గీయించాడు.

ఆ తీర్పుతో ఒక ఖాళీ ఏర్పడింది. స్థావరాల్లో ఉన్న భార్యాపిల్లలు నేరం చేస్తే సైనిక కోర్టు పనికిరాదు, అమెరికాలోని మామూలు కోర్టుకు దేశం బయటి నేరం అందదు. ఆతిథ్య దేశం పట్టించుకోకపోతే అంతే. ఆ ఖాళీ నిండటానికి 2000లో కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 2003లో టర్కీలోని ఇంజిర్లిక్ స్థావరంలో భర్తను చంపిన ఒక మహిళను ఆ కొత్త చట్టం కిందే కాలిఫోర్నియా కోర్టులో విచారించారు.

రెండోది జపాన్ కథ. గున్మా ప్రాంతంలో సోమగహర అనే ఫైరింగ్ రేంజి. పేలిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకుని అమ్ముకోవడానికి చుట్టుపక్కల పేదలు వచ్చేవారు. 1957 జనవరి 30న అలా వచ్చిన నాకా సకాయి అనే 46 ఏళ్ల మహిళ, ఆరుగురు పిల్లల తల్లి, విలియం గిరార్డ్ అనే 21 ఏళ్ల సైనికుడు పేల్చిన ఖాళీ తొడుగు తగిలి చనిపోయింది. మిషన్ గన్‌కు కాపలా ఉండమన్నారు కాబట్టి డ్యూటీయేనని అమెరికా సైన్యం వాదన. మనిషి మీద పేల్చడం ఏ డ్యూటీ అని జపాన్ ప్రశ్న. చివరికి అప్పగించడానికి ఒప్పుకున్నారు. అమెరికాలో పెద్ద రగడ. మన కుర్రాణ్ణి పరాయి కోర్టుకు అప్పగిస్తారా అని ఊరూరా సభలు. భార్యల తీర్పు వచ్చిన నెల రోజులకే, జులై 11న, అదే సుప్రీంకోర్టు అప్పగించవచ్చని తేల్చింది. మయెబాషి కోర్టు అతనికి మూడేళ్ల శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. జైలుకు వెళ్లకుండానే దేశం వెళ్లిపోయాడు. సకాయి కుటుంబానికి పరిహారంగా అందింది దాదాపు 1,748 డాలర్లు.

పరాయి కోర్టుకు వెళ్లే సైనికుడికి ఏం దొరుకుతుంది? గిరార్డ్ కేసుకు ఏడాది ముందే, 1956లో, అమెరికా ఒక చట్టం చేసింది. స్థానిక వకీలు ఫీజు, కోర్టు ఖర్చులు, జామీను సొమ్ము ప్రభుత్వమే భరించవచ్చు. జపాన్ కోర్టులో జపాన్ వకీలు, జర్మన్ కోర్టులో జర్మన్ వకీలు. దానికి తోడు ఒక అమెరికన్ పరిశీలకుడు కోర్టు హాల్లో కూర్చుంటాడు. దుబాసీ ఉన్నాడా, అభియోగం ముందుగా చెప్పారా, విచారణ సాగదీస్తున్నారా అని చూస్తాడు, రాసుకుంటాడు. మాట్లాడే హక్కు లేదు. ఒక సైనిక వకీలుకు అంతకంటే కష్టమైన ఉద్యోగం ఉంటుందనుకోను.

కోర్టులో వాదనకంటే ముందు చెప్పాల్సిన సలహా జపాన్‌లో మరొకటుంది. తప్పు జరిగితే బాధితుల ఇంటికి వెళ్లి తల వంచాలి, పరామర్శ సొమ్ము ఇవ్వాలి. అక్కడ న్యాయమూర్తులు శిక్ష వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. క్షమాపణ చెబితే నేరం ఒప్పుకున్నట్టేనని అమెరికాలో వకీళ్లు నోరు మూయిస్తారు. ఇక్కడ అదే వకీలు నోరు తెరవమనాలి. 2021లో ఒక అమెరికన్ నేవీ అధికారి ఫుజీ పర్వతం దగ్గర నుంచి కుటుంబంతో వస్తూ కారు అదుపు తప్పి ఇద్దరి మరణానికి కారణమయ్యాడు. కొండ ఎత్తు వల్ల స్పృహ తప్పిందన్నాడు, నిద్రమత్తు అంది కోర్టు. భారీ పరిహారం చెల్లించినా మూడేళ్ల జైలు పడింది. ఇంకా చిన్న శిక్షతో బయటపడతాడని అమెరికాలో చాలామంది ఆశించారు. వాళ్లకు ఆ తీర్పు అన్యాయంగా తోచింది, చనిపోయినవాళ్ల ఇళ్లలో అలా తోచి ఉండదు. 2023 డిసెంబరులో అతన్ని అమెరికాకు పంపారు, మరుసటి నెలలో విడుదలయ్యాడు.

గేటు అవతల

ఇంతవరకూ సైనికుడి వైపు నుంచి చూశాం. అవతలి వైపు ఉన్నది ఒకినావా. జపాన్ నేలలో 0.6 శాతం ఉన్న ఈ దీవుల మీద, అమెరికా సైన్యం మాత్రమే వాడుకునే స్థలాల్లో 70 శాతం ఉన్నాయి. 1995 సెప్టెంబరులో ముగ్గురు అమెరికన్ సైనికులు పన్నెండేళ్ల బాలికను ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారు. ఒప్పందం ప్రకారం, అమెరికన్ల అదుపులో ఉన్న నిందితుణ్ణి అభియోగం నమోదయ్యేదాకా అప్పగించనక్కర్లేదు. జపాన్ పోలీసులు ఆ నిబంధన ముందు నిలబడిపోవాల్సి వచ్చింది. అక్టోబరు 21న 85 వేల మంది ఒకచోట చేరి నిరసన తెలిపారు. ఆ ఒత్తిడితోనే హత్య, అత్యాచారం కేసుల్లో ముందే అప్పగించే విషయాన్ని ‘సానుభూతితో పరిశీలిస్తామని’ అమెరికా ఒప్పుకుంది. పరిశీలిస్తాం అంది, అప్పగిస్తాం అనలేదు. నాహా కోర్టు ముగ్గురికీ ఆరున్నర నుంచి ఏడేళ్ల దాకా శిక్షలు వేసింది.

నిందితుడి హక్కుల కోసం అమెరికన్లు పట్టుబట్టడం తప్పని నేననను. జపాన్‌లో పోలీసులు 23 రోజుల దాకా నిర్బంధంలో ఉంచి, వకీలు పక్కన లేకుండానే ప్రశ్నించవచ్చు. ఆ పద్ధతిని జపాన్ వకీళ్లే విమర్శిస్తారు. కానీ ఒకటి గమనించాలి. సైనికుడికి ఇంటి తగాదాకు ఒక వకీలు, కోర్టు మార్షల్‌కు ఒక వకీలు, పరాయి కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో ఒక వకీలు, పక్కన పరిశీలకుడు. గేటు అవతల ఉన్న నాకా సకాయి కుటుంబానికి ఉన్నదల్లా ఒక క్లెయిము ఫారం.

ఆ ఫారం కూడా లెక్క ప్రకారమే నడుస్తుంది. నాటో ఒప్పందంలో, జపాన్ ఒప్పందంలో డ్యూటీలో జరిగిన నష్టానికి పరిహారంలో 75 శాతం సైన్యం పంపిన దేశానిది, 25 శాతం ఆతిథ్య దేశానిది. జర్మనీలో బాధితుడు అమెరికన్ల గేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు, జర్మన్ ప్రభుత్వ ఆఫీసులోనే మూడు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకుంటాడు. 1969 నుంచి 1993 దాకా ‘రిఫోర్జర్’ పేరుతో జరిగిన పెద్ద విన్యాసాల్లో ట్యాంకులు పొలాల్లోంచి, పల్లె రోడ్ల మీదుగా పోయేవి. వెనకే నష్టం అంచనా వేసేవాళ్లు తిరిగేవారు. విరిగిన కంచెకింత, తొక్కిన పంటకింత. ఈ భాగం బాగానే నడిచింది. డ్యూటీలో లేనప్పుడు జరిగిన నష్టం దగ్గరే అసలు పేచీ, అక్కడ అమెరికా ఇచ్చేది దయతో ఇచ్చే సొమ్మే. జపాన్‌లో కోర్టు నిర్ణయించిన మొత్తానికీ దానికీ మధ్య తేడాను, 1996లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం తర్వాత, జపాన్ ప్రభుత్వమే పూడుస్తోంది. అంటే పన్ను కట్టే జపాన్ పౌరుడే.

గుంటూరులో పొలం, రామ్‌స్టైన్‌లో కొడుకు

ఈ కథలో తెలుగువాళ్లకూ చోటుంది. 2009లో అమెరికా సైన్యం ‘మావ్ని’ అనే పథకం మొదలుపెట్టింది. గ్రీన్ కార్డు లేకపోయినా, చదువు వీసా మీదో ఉద్యోగ వీసా మీదో ఉన్నవాళ్లు సైన్యానికి అవసరమైన భాష వచ్చి ఉంటే చేరవచ్చు, త్వరగా పౌరసత్వం పొందవచ్చు. మొదట ప్రకటించిన భాషల జాబితాలో భారతీయ భాషలూ ఉన్నాయి. 2016లో పథకం ఆగేలోగా పదివేల మందికి పైగా చేరారు. చివర్లో నేపథ్య తనిఖీలు కఠినం చేయడంతో చాలామంది ఏళ్ల తరబడి మధ్యలో ఇరుక్కుని, కొందరు వీసా గడువులు దాటిపోయి, కోర్టులకెక్కారు. సైన్యం మీద సైన్యంలో చేరినవాళ్లే వేసిన కేసులవి.

అలా చేరి జర్మనీకి పోస్టింగు వచ్చిన అబ్బాయికి గుంటూరు దగ్గర తాత ఇచ్చిన పొలం ఉందనుకుందాం. అమెరికా పౌరుడయ్యాడు కాబట్టి భారత పౌరసత్వం పోయింది. ఓసీఐ కార్డు ఉన్నా కొత్తగా వ్యవసాయ భూమి కొనలేడు. వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. నాన్నకు జీపీఏ పంపాలి. స్థావరంలోని వకీలుకు నోటరీ అధికారం ఉంది, ఉచితంగా ముద్ర వేసిస్తాడు. అమెరికాలో ఆ ముద్రకు తిరుగులేదు. మన సబ్ రిజిస్ట్రార్ దగ్గర నడవాల్సింది మాత్రం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. విదేశంలో రాసిన పవర్‌ను నోటరీ, కోర్టు, న్యాయమూర్తి లేదా భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి ధ్రువీకరింపజేసుకోవాలి. అమెరికన్ కెప్టెన్ ముద్రను చూసి సబ్ రిజిస్ట్రార్ కనుబొమలు ఎగరేసే అవకాశం ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భారత కాన్సులేట్ ఉంది. అక్కడికి వెళ్లి సంతకం చేయడం క్షేమం. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది ఈ మూడు నెలల సంగతి మరచి, బీరువాలో పెట్టుకుని, అమ్మకం రోజున తల పట్టుకుంటారు.

మన జవాన్ల మాటేమిటి? అమెరికాకున్నట్టు ఊళ్లకు ఊళ్లు స్థావరాలు మనకు విదేశాల్లో లేవు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో. అక్కడ నేరం జరిగితే విచారించే అధికారం పంపిన దేశానిదే. కాంగోలో పనిచేసిన మన సైనికుల మీద ఆరోపణలొచ్చినప్పుడు విచారణ జరిపిందీ మన సైన్యమే. గేటు అవతలి వాళ్ల ప్రశ్న మనకూ ఉందన్నమాట.

ఇంటి కేసుల విషయంలో మనకు పాత చట్టాలే దిక్కు. 1925లో వచ్చిన భారత సైనికుల లిటిగేషన్ చట్టం, యుద్ధంలోనో సముద్రాల అవతలో ఉన్న సైనికుడి మీద సివిల్, రెవెన్యూ కేసులు అతను లేకుండా తేలిపోకుండా నిలిపే ఏర్పాటు. సముద్రాల అవతల అంటే ఏమిటో చెబుతూ సిలోన్‌ను అందులోంచి మినహాయించింది, ఆ దూరం ఒక దూరమే కాదని కాబోలు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇరవై ఎనిమిదో ఆర్డరు ఉంది. సెలవు దొరకని సైనికుడు తన తరఫున కేసు నడపడానికి ఎవరికైనా అధికారం ఇవ్వవచ్చు. కమాండింగ్ ఆఫీసరు ముందు సంతకం చేయాలి, ఆయన కింద సంతకం చేయాలి, కోర్టులో దాఖలు చేయాలి. మిలిటరీ మాధవరం అనే ఊళ్లో ఉన్న తండ్రి ఆ ఒక్క కాగితంతో తాడేపల్లిగూడెం కోర్టులో కొడుకు పొలం కేసు తానే నడుపుకోవచ్చు, లేదా వకీలును పెట్టుకోవచ్చు. సర్వీసు, పింఛను తగాదాలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాలి.

2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ ‘వీర్ పరివార్ సహాయత యోజన’ మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ బోర్డుల ఆఫీసుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టి, సైనికులకూ మాజీ సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ ఉచితంగా వకీలును ఇవ్వడం దాని పని. అక్కడ కూర్చునే వకీలు న్యాయ సేవల సంస్థ ప్యానెల్ నుంచి వస్తాడు. అతని పనితీరు మీద ఏ కమాండరూ రిపోర్టు రాయడు.